కావలి దిగని రాళ్ళు

1983 ఆగస్టు 11, గురువారం. మబ్బు పట్టింది, వాన రాలేదు. మధ్యాహ్నం ఎనుముల కొట్టం కప్పు సరిచేసినాను.

సాయంత్రం నా కూతురు హుసేనిని ఇంటికి తీసుకురావడానికి రొద్దం దారిలో రాకాసి గుళ్ళకాడికి పోయినాను. గుండ్రంగా పాతిన ఆ పాతకాలం రాళ్ళ మధ్య పిల్లలు కోట ఆట ఆడుతున్నారు. రాళ్ళన్నీ కావలివాళ్ళు, హుసేని పాళెగాడు. ఆట ముగిసినప్పుడు పాళెగాడు ఆ రాళ్ళకు "కావలి దిగింది, ఇండ్లకు పోండప్పా" అని చెప్పాలంట. అది చెప్పకముందే చెయ్యి పట్టుకొని లాక్కొచ్చినాను.

పిల్ల అన్నం ముట్టలేదు. "వాళ్ళు నిలబడుకోనే ఉంటారు నాయనా" అని ఒకటే ఏడుపు. పొద్దు మునిగేసరికి ఒళ్ళు కాలిపోయింది. చేతులు పక్కలకు బిగించి, రాయి మాదిరి పడుకుంది. నిద్రలోనే "ఉండాను, ఉండాను" అని ఎవరికో బదులు చెప్పింది.

చివరికి నేనే వాకిట్లోకి పోయి, రొద్దం దిక్కు తిరిగి ఆ మాట గట్టిగా చెప్పినాను. పిల్ల నుదుటిమీద తడిగుడ్డ వేస్తున్న మా ఇంటామె ఊరుకోలేదు. "రాళ్ళతో తెరిచే నోరు మనుషులతో తెరిస్తే ఎంత బాగుండు" అనింది. అంతలోనే పిల్లకు చెమట పట్టింది, చేతులు వదులైనాయి.

ఇండ్లకు పొమ్మన్నాను. వాళ్ళ ఇండ్లు యాడ ఉండాయో అప్పుడు తోచలేదు. ఈ ఇంటికి పునాది తవ్వినప్పుడు మసిబారిన పొయ్యిరాళ్ళు, నల్లకుండల పెంకులు బయటపడినాయి. రాకాసి గుళ్ళకాడ దొరికేవీ అట్లాంటి పెంకులే.

కొట్టంలో ఎనుము లేచి నిలబడింది. తలుపు గడియ కదులుతా