పునర్జన్మ పాఠం

సోమవారం, రాత్రి

కూతురు యామిని పోయాక కృష్ణప్ప సార్ ఇవాళే మొదటిసారి మా తత్వశాస్త్ర విభాగానికి వచ్చారు. గడ్డం గీసుకున్నారు, చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. అది చూసి నాకు ఇంకా భయం వేసింది. ఆయన చెప్పాల్సిన పాఠం పునర్జన్మ.

"ఆ క్లాసు నేను తీసుకుంటాను సార్," అన్నాను.

"ఇన్నేండ్లుగా చెప్తా ఉండే పాఠమే కదమ్మా," అని వెళ్ళిపోయారు.

మాది తమిళనాడు కాలేజీ, పాఠాలు తమిళంలోనే; పక్క గదిలోంచి ఆయన గొంతు వినిపిస్తూనే ఉంది. మళ్ళీ జన్మ ఉందనేవాళ్ళ వాదం చక్కగా చెప్పారు. లేదనేవాళ్ళ వాదం మొదలుపెట్టి ఆగిపోయారు. కాసేపటికి విద్యార్థులు చప్పుడు చేయకుండా బయటికి వచ్చేశారు.

నేను వెళ్ళేసరికి ఒక్కరే కూర్చుని ఉన్నారు.

"సరోజా, పాఠం సంగతి వదిలెయ్. నా బిడ్డ మళ్ళా యాడన్నా పుట్టింటాదా?"

"తెలీదు సార్," అన్నాను. తెలియనిదాన్ని తెలుసని అనకూడదని నాకు నేర్పింది ఆయనే.

సార్ తల ఊపారు. "సరిగ్గానే చెప్పినావు." మళ్ళీ తనే, "ఈ ఒక్క దినం పుట్టింటాదని చెప్పకూడదా తల్లీ?" అన్నారు.

బల్ల మీది ఆయన పుస్తకాలు సర్దాను. సాయంత్రం ఆయన్ని వాళ్ళ ఊరు సోగత్తూరు వెళ్ళే బస్సు ఎక్కించాను. కిటికీ పక్కనే కూర్చుని కూడా నా వైపు చూడలేదు.

నాకు అన్నం సహించలేదు. పుట్టి ఉంటుందని నేను అన్నా ఆయన నమ్మేవారు కాదు. అయినా ఎవరో ఒకరి నోట ఆ మాట వినాలనుకున్నారు. నన్ను అడిగారు. నేను ఆ ఒక్క మాట అనలేదు.