ఏడాది తిరిగాక రమ్మన్నారు

గుమాస్తా బాబుకి,

బడి దగ్గర కాలవ వంతెనకి కడ్డీ వేయిస్తామని మీరు పంపిన కాగితం అందింది. కూడబలుక్కుని రెండుసార్లు చదివాను. మనసు కుదుటపడింది బాబూ.

మా చిన్నది ఆ వంతెన మీంచి జారి పోయాక నేను అర్జీ తెస్తే, "ఏడాది తిరిగాక రండమ్మా" అన్నారు మీరు. పిల్ల పోయిన రోజు నించి లెక్కపెట్టుకుని సరిగ్గా ఏడాదికి వచ్చాను. మీ ఏడాది వేరట, బడ్జెట్ ఏడాదట, అప్పటికే దాటిపోయిందట. ఆ మాట చెప్పి మీరే తల దించుకున్నారు. "కొత్త చట్టం వచ్చిందమ్మా. ఇకనించి బడ్జెట్ రెండేళ్లకోసారి. రాసేముందు జనం అర్జీలు చదివి తీరాలి" అని, అర్జీ ఇవ్వాల్సిన ఆఖరు తారీకు నా అరచేతిలో రాశారు. ఇంటికెళ్లి గోడ మీదికి ఎక్కించేదాకా ఆ చెయ్యి తడపలేదు.

ఒక్క మాట బాబూ. కాగితంలో కడ్డీ నడుం ఎత్తు అని ఉంది. అది మీకూ నాకూ నడుం. మా చిన్నదైతే దాని కిందనించి దూరి పోయేది. మోకాలి ఎత్తున ఇంకోటి కూడా ఇప్పుడే రాయించండి. ఇప్పుడు తప్పితే మళ్లీ రెండేళ్లు. ఒకటో తరగతి పిల్లలు రేపు పొద్దున్నే వస్తారు.

ఇట్లు,
మీ ఆఫీసులో అందరూ వంతెనమ్మ అంటారే, ఆవిడ