రొంటిలోని గుట్ట మిరప

శ్రీ సత్యసాయి జిల్లా (మా నోటికి ఇంకా అనంతపురం జిల్లానే), తనకల్లు మండలం, నల్లరాళ్లపల్లె కాపురస్తురాలు, కాలం చేసిన మర్హూం ఇమాం హుస్సేన్ గారి భార్య జుబేదాబీ అనే నేను, అల్లాను తలచుకుని, మతి నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ బోధనా లేకుండా, నా ఇష్టపూర్తిగా చెప్పి రాయించిన వీలునామా ఏమనగా:

మతి నిలకడగా ఉందనడానికి రుజువు కావాలంటే, నా సన్నజల్లెడ ఏ ఇంట్లో ఉందో, అది అక్కడికి పోయి ఎన్ని పండగలు గడిచాయో చెప్పగలను. ఒళ్లు మాత్రం నిలకడగా లేదు. భయంగా ఉంది. భయపడే మనిషి రాయించిన వీలునామా చెల్లదని చట్టంలో ఎక్కడా లేదని కృపాకుమారి చెప్పింది కాబట్టి ఆ మాట కూడా దాచకుండా రాయిస్తున్నాను. కృపాకుమారి మా వీధి పిల్ల. తనకల్లులో దస్తావేజులు రాసేవారి దగ్గర పని చేస్తుంది. చెప్పింది చెప్పినట్టే రాస్తానని మాట ఇచ్చింది.

వచ్చే సోమవారం బెంగుళూరు ఆసుపత్రిలో నా గుండె కోసి లోపలి కవాటం మారుస్తారట. వచ్చే నెల అని చెప్పినవాళ్లు, మంచం ఖాళీ అయింది, ముందే రమ్మని ఫోన్ చేశారు. ఆ ఫోన్ వచ్చేసరికి నేను గుట్ట మిరప విత్తనం నానేసి, మూటకట్టి, రొంటిలో దోపుకుని ఉన్నాను. ఒకసారి నానిన విత్తనాన్ని మళ్లీ ఎండబెట్టకూడదు, చచ్చిపోతుంది. ఆ మూటలో ఉన్నవి తప్ప ఆ జాతి గింజలు నాకు తెలిసినంతలో ఈ చుట్టుపక్కల ఎవరింట్లోనూ లేవు. నేను పోతానేమోనన్నది ఒక భయం. నాతోపాటు అది కూడా పోతుందేమోనన్నది ఇంకో భయం, అదే పెద్దది. ఈ కాగితం ఆ పెద్ద భయం కోసం రాయిస్తున్నది.

1. ఇల్లు, బావి కింద చేను, గొర్రెల దొడ్డి, ఇవన్నీ మా షరియత్ ప్రకారం నా ఒక్కగానొక్క కొడుకు యూసుఫ్‌కు చెందుతాయి. వాడు గుంతకల్లులో రైల్వే పని చేస్తున్నాడు. వాటి గురించి నేను చెప్పేది ఏమీ లేదు, చేను బీడు పెట్టవద్దని తప్ప. వారసులకు వీలునామా రాస్తే చెల్లదని, వారసులు కానివాళ్లకు మూడో వంతు దాకా రాయవచ్చని ఖాజీ గారు చెప్పారు. కోడలు వారసురాలు కాదట. పొద్దున లేస్తే నాకు మాత్రలు ఇచ్చేది, నా కాళ్ల వాపు చూసేది, నాతో పోట్లాడేది షాహిదా. చట్టం దృష్టిలో ఆమె నాకు ఏమీ కాదు. మంచిదే అయింది. ఏమీ కాదు కాబట్టే ఆమెకు రాయగలుగుతున్నాను.

2. నా రొంటిలో ఉన్న గుట్ట మిరప విత్తనం మొత్తం నా కోడలు షాహిదాకు ఇస్తున్నాను. ఇందులో యూసుఫ్‌కు గానీ, వాడి తరఫువాళ్లకు గానీ, పక్కింటి తిప్పమ్మకు గానీ ఏ హక్కూ లేదు.

ఈ మిరప మా అత్తగారు మడకశిర వైపు నుంచి కాపురానికి వస్తూ కొంగున ముడివేసుకుని తెచ్చింది. చెట్టు మోకాలు దాటదు. కాయ ఆకాశం వైపు చూస్తూ కాస్తుంది. నాటిన తరువాత ఒక మంచి వాన పడితే చాలు, రెండో వాన కోసం అలగకుండా ఎదురు చూస్తుంది. సంకర జాతి ప్యాకెట్లు వచ్చాక ఊరంతా దాన్ని వదిలేసింది. మిగిలింది మా ఇల్లు, పక్కన తిప్పమ్మ ఇల్లు. తిప్పమ్మ ఒక ఏడు పచ్చికాయకు గిరాకీ వచ్చిందని చెట్టు మీద ఒక్క కాయ పండనీయకుండా కోసి అమ్ముకుంది. విత్తనానికైనా కాయ ఉంచమని అడిగితే "పండినాక కొనేదెవరు జుబేదక్కా" అనింది. ఆ రోజు నుంచి ఆమె ఇంట్లో నేను నీళ్లు ముట్టలేదు. ముట్టకపోయినా రోజూ మాట్లాడుకుంటూనే ఉన్నాం. అది వేరే సంగతి.

ఇంక మా ఇంటి విత్తనం. మా అత్తగారి కాలం నుంచి ఎండు సొరబుర్రలో పోసి, పొయ్యి పైన దూలానికి కట్టేవాళ్లం. కట్టెల పొగ తగిలి పురుగు పట్టేది కాదు, చెమ్మ చేరేది కాదు. తరువాత గ్యాసు వచ్చింది. కట్టెల పొయ్యి పోయింది కానీ, పొయ్యి పైన బుర్ర కట్టాలనే ఆచారం పోలేదు. గ్యాసు పొయ్యి మీదుగా అదే కొక్కేనికి అదే బుర్ర కట్టాం. పొగ లేదు. కుక్కరు ఆవిరి మాత్రం రోజూ నేరుగా బుర్ర మూతికి తగిలింది. పెద్దల పద్ధతి తప్పలేదని ఇంటిల్లిపాదీ తృప్తిగా ఉన్నాం. పోయిన ఏడు వాన రాక చెట్లు పూతలోనే మాడిపోయాయి, కొత్త గింజ చేతికి రాలేదు. ఈ ఏడు బుర్ర దించి చూస్తే లోపల నల్లగా బూజు. ఏరగా ఏరగా పిడికెడు కూడా దక్కలేదు. దాచి పెట్టినా వచ్చే ఏటికి బతకవు. అందుకే అన్నీ ఒకేసారి నానేశాను.

3. విత్తనం ఇచ్చి విధానం ఇవ్వకపోతే ఇచ్చినట్టు కాదు. కాబట్టి విధానం కూడా షాహిదాకే రాసి ఇస్తున్నాను.

చెయ్యి పెడితే ఓర్చుకునేంత వెచ్చని నీళ్లలో గింజ వేయాలి. చాలాసేపటికి కూడా తేలుతూ ఉన్నది తాలు, తీసేయాలి. మునిగినది ఒక రాత్రి నానాలి. ఇది అయిపోయింది. పాత నూలుపంచె గుడ్డలో పలుచగా పరిచి మూట కట్టి, చుక్క రాలనంత గట్టిగా పిండాలి. నీళ్లు కారుతూ ఉంటే గింజకు ఊపిరి ఆడక కుళ్లుతుంది. ఆ మూట ఒంటికి తగిలేటట్టు పెట్టుకోవాలి. మన దగ్గర మధ్యాహ్నం మాడుతుంది, తెల్లవారుజామున చల్లబడుతుంది, మృగశిర గాలికి తడి నిలవదు. ఒంటి వేడి ఒక్కటే మారదు. మూట ఆరితే ఒంటికే ముందు తెలుస్తుంది, వెంటనే చెయ్యి తడి చేసుకుని చిలకరించాలి. రోజూ ఒకసారి విప్పి గాలి తగలనిచ్చి మళ్లీ కట్టాలి. నాకు చీర ఉంది, రొంటి ఉంది. షాహిదా చుడీదారు వేసుకుంటుంది. నాడాకు కట్టుకుంటే సరిపోతుంది, చూసేవాళ్లు చూడనీ.

తెల్లటి మొన కనిపించిన గింజను కనిపించినట్టే మట్టిలో పెట్టాలి. మొన పొడుగైతే విరుగుతుంది. వంక ఒండ్రు, మాగిన గొర్రెల ఎరువు, ఇసుక కలిపి పెరట్లో పెద్ద పెంకులో సిద్ధంగా ఉంచాను, కింద చిల్లులు కొట్టాను. మట్టి మీద మసిలే నీళ్లు పోసి ఆరనిచ్చాను, నారుకుళ్లు రాకుండా. గింజను గోరు మునిగేంత లోతులో పెట్టి, పైన గడ్డి కప్పాలి. నీళ్లు చెంబుతో పోయకూడదు, వేళ్లతో చిలకరించాలి. పచ్చని మెడ వంచి లేచిన రోజు సాయంత్రం గడ్డి తీసేయాలి, ఒక్క పూట ఆలస్యమైనా నారు పాలిపోయి సాగుతుంది. చీమలకు పెంకు చుట్టూ బూడిద. చేనులో నాటే ముందు కొన్నాళ్లు నీళ్లు తగ్గించి ఎండ అలవాటు చేయాలి. గారాబంగా పెంచిన నారు మన ఎండకు ఒక్కరోజు కూడా ఆగదు.

పెంకు వద్దు, నా ట్రేలు, కొబ్బరిపొట్టే మేలని షాహిదా అనుకుంటే అలాగే చేయవచ్చు. ఆమె టమాటా నారు ట్రేలలో పెంచి ఊరందరికీ ఇస్తోంది. నారు తీసేటప్పుడు కాడ పట్టుకోదు, ఆకు పట్టుకుని లేపుతుంది. కాడ నలిగితే మొక్క పోతుంది, ఆకు పోతే ఇంకో ఆకు వస్తుంది. ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. దూరం నుంచి చూసి ఆ రోజే అనుకున్నాను, గుట్ట మిరప ఈమెకే అని.

4. ఇప్పుడు అందరూ మనసులో అనుకుని నోటితో అనని మాట రాయిస్తున్నాను. విత్తనపు మూట బిడ్డను కన్న నడుముకే కట్టాలని మా ఇళ్లలో ఒక పట్టింపు. మా అత్తగారు నాకు యూసుఫ్ పుట్టేదాకా మూట ముట్టనివ్వలేదు. షాహిదాకు రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోసారి ఆసుపత్రి నుంచి వచ్చాక చాలా రోజులు పెరట్లో ట్రేల ముందు కూర్చుని ఉండేది. నేను ఫోన్ సంగతి చెప్పి మూట అందిస్తే చేతులు వెనక్కి పెట్టుకుంది. "నా ఒంటికి కట్టొద్దత్తా. నాకు భయంగా ఉండాది. ఇదిగూడా పోతే నేనీ ఊర్లో తలెత్తుకోలేను" అనింది. తిప్పమ్మ అయితే దడి అవతలి నుంచే "కడుపు నిలవని నడుముకు కడితే గింజ గూడా జారిపోతాది జుబేదక్కా, నాకియ్యి, నేను కట్టుకుంటా" అనింది. షాహిదా వినేటట్టే అనింది.

తిప్పమ్మ మూట మంచిగానే చూసుకుంటుంది, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఈ మూట ఇప్పుడు తిప్పమ్మ నడుముకు పోయిందంటే, షాహిదా గురించి ఊరు గుసగుసలాడేదంతా నేను నా చేత్తో నిజమని వేలిముద్ర వేసినట్టు. అది నా వల్ల కాదు.

5. ఆసుపత్రిలో లోపలికి తీసుకుపోయేటప్పుడు ఒంటి మీద దారప్పోగు కూడా ఉండనీయరట. ఆ తలుపు దగ్గర మూట విప్పి షాహిదా చేతికి ఇస్తాను. దారిలోనే, బస్సులోనే నాకు ఏమైనా అయితే, నన్ను కడగడానికి వచ్చే ఆడవాళ్లు మొదట రొంటిలో చెయ్యి పెట్టి మూట తీయాలి. తడిగుడ్డ కదా, మైల అని పారేస్తారేమో, అదీ నా భయం. ఏడుపు తరువాత. ఒళ్లు చల్లబడక ముందే మూట షాహిదా ఒంటికి చేరాలి.

ఒళ్లు ఇప్పటికే చల్లబడుతోందేమో కూడా తెలియదు. రక్తం సరిగా తిరగడం లేదని డాక్టరు నా వేళ్లు పట్టుకుని చెప్పాడు. మూట వెచ్చగా ఉందో లేదో నాకు తెలియడం లేదు. రోజుకు పదిసార్లు తడుముకుంటున్నాను.

6. ఇతరములు. దూలానికి ఉన్న కొక్కెం పీకేయాలి. ఖాళీ సొరబుర్ర యూసుఫ్ తీసుకుని కళ్ల ముందు పెట్టుకోవాలి, ఏదైనా పద్ధతి పాటించేటప్పుడు అది ఎందుకో అడగడం గుర్తుంటుంది. నా సన్నజల్లెడ తిప్పమ్మ దగ్గరే ఉంది, ఇక అది ఆమెదే, ఇప్పుడైనా ఆమెకు నిద్ర పట్టనీ. నా ఊదారంగు ఊలు శాలువా కూడా తిప్పమ్మకే, చలికి ఆమె మోకాళ్లు పట్టేస్తాయి. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా తిప్పమ్మకే పెడుతున్నాను. అన్న మాట వెనక్కి తీసుకోమని అడగను. ఆమె నోటికి జడిసి మిగతావాళ్లందరూ చెప్పినట్టు చేస్తారు, అది చాలు. నారు బతికి కాయ పండితే, షాహిదా పండుకాయల్లో దోసెడు తిప్పమ్మకు ఇవ్వాలి. విత్తనం ఒక్క ఇంట్లోనే ఉంటే ఏమవుతుందో చూశాం కదా.

7. గింజలు మొలవకపోతే ఆ నింద నాది. బూజు మా వంటింట్లో పట్టింది, నానేసింది నేను, చల్లబడిన ఒంటికి కట్టుకున్నది నేను. షాహిదా నడుముకు ఇందులో ఏ పాలూ లేదు. ఆ నింద మూడో వంతు కాదు, మొత్తం నా పేరున రాసుకుంటున్నాను. నాతోపాటే పూడ్చాలి. ఆ తరువాత ఎవరైనా ఆమెను ఒక్క మాట అన్నా, ఈ పేరా వీధిలో నిలబడి గట్టిగా చదవాలని తిప్పమ్మను ఆజ్ఞాపిస్తున్నాను.

తాజా కలం: పై పేరాలు కృపాకుమారి చదివి వినిపిస్తుండగా షాహిదా వంటింటి గడపలో నిలబడి విన్నది. ఏడో పేరా అయ్యాక లోపలికి వచ్చింది. సాక్షులిద్దరితో "అన్నా, రవ్వంత బయటికి పోండి" అనింది. నా రొంటిలో మూట తానే తీసి, నాడాకు కట్టుకుని, చెయ్యి అదిమిపెట్టుకుని చాలాసేపు నిలబడింది. "చల్లగా ఉండాదత్తా" అనింది. చెయ్యి తీయలేదు.

బతికుండగా ఇచ్చే దానానికి, ఇస్తున్నానని చెప్పాలి, పుచ్చుకునేవాళ్లు ఒప్పుకోవాలి, వస్తువు చేతికి అందాలి అని ఖాజీ గారు చెప్పారు. మూడూ జరిగాయి. కాబట్టి రెండో పేరాలోని మూట ఇక వీలునామా ఆస్తి కాదు, షాహిదా సొంతం. ఐదో పేరాతో పని లేదు. నేను పోయాక అమలు కావలసింది ముఖ్యంగా ఏడో పేరా ఒక్కటే. అది అమలు చేయవలసిన అవసరం రాకూడదని దువా చేస్తున్నాను. ఇది రాసే వేళకు ఇంకా ఒక్క గింజ కూడా పగిలి మొన వేయలేదు.

2025 జూన్ 11, బుధవారం, మృగశిర కార్తె, బక్రీదు వెళ్లిన వారం. నల్లరాళ్లపల్లె.

జుబేదాబీ వేలిముద్ర

సాక్షులు:
యేసన్న, గొర్రెల కాపరి, నల్లరాళ్లపల్లె
విజయభాస్కర్, మందుల షాపు, తనకల్లు

చెప్పింది చెప్పినట్టు రాసినది: కృపాకుమారి