మేనేజర్ చదివిన రెండు పేజీలు

డిసెంబరు 2004, రాస్ అల్ ఖైమా

ఈ ఎడారి దేశంలో కొండ మీద మంచు కురిసిందంటే, చూద్దామని నిన్న ఎక్కాం: నేను, మేస్త్రీ రాజయ్య, మా క్వారీ మేనేజర్ మూర్తి. రెండు చేతికర్రలు నిలబెట్టి నా తేలికపాటి టెంటు వేస్తుంటే, పదేళ్లుగా నా పుస్తకాల పిచ్చిని వెక్కిరిస్తున్న మూర్తి మళ్లీ నవ్వాడు.

"మాస్టారూ, ఇదీ పుస్తకంలోదేనా?"

మేకులు మంచులో నిలవలేదు. రాజయ్య ఇసుకలో చేసినట్టే సంచుల్లో మంచు కుక్కి, వాటికి టెంటు తాళ్లు కట్టి పాతాడు.

"ఖలాస్ సార్, పనైపోయింది. ఇగ ఏ గాలికీ కదలది."

తెల్లవారేసరికి గాలికి మూర్తిగారి పెద్ద టెంటు కూలింది. వణుకుతూ మా దగ్గరికొచ్చాడు. దుప్పటి కప్పి, నా పుస్తకం చేతికిచ్చి, పైకి చదవమన్నాను. పళ్లు టకటకలాడుతుండగా రెండు పేజీలు చదివాడు. రాజయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు.

రేపు నా ఉద్యోగం ఉంటుందో, ఊడుతుందో... ఊడితే ఊడనీ. ఇంత కమ్మటి చదువు ఈ జన్మలో వినలేదు.