ఆఖరు నీకు చెప్పను

ఏమయ్యా, బాగున్నావా? నువ్వు పోయి ఏడాది దాటింది.

పోయిన వారమే నీ సంవత్సరీకం చేశాం. నీకిష్టమని మీ అన్న బోటి కూర వండించాడు. వచ్చినవాళ్ళంతా నువ్వెంత మంచివాడివో చెప్పుకుంటూ తిన్నారు. నేను వడ్డించాను. వాళ్ళతో అని ఏం లాభం? అనాల్సింది నిన్ను...

ఆ నవల గుర్తుందా? గుర్తులేకేం, తెచ్చిందే నువ్వు. షామీర్‌పేటలో ఒక విల్లాకి దోమల జాలీలు కొలతలు తీయడానికి వెళ్ళి, అద్దాలు తుడవడానికి పనికొస్తాయని ఆ ఇంటావిడను పాత పేపర్లు అడిగి తెచ్చుకున్నావు. ఆ కట్టలో ఉంది. యుద్ధం రోజుల్లో అఫ్ఘనిస్తాన్ ఆడవాళ్ళ బతుకు మీద రాసిన కథ. నేను చూసేలోపే వెనక పేజీలు చింపి వేళ్ళకంటిన గమ్ము తుడుచుకున్నావు. కథ ఆఖరు పోయింది కదయ్యా అంటే నవ్వావు. "ఏమైతది? ఆఖరికి సస్తది. గంతే."

ఆమె ఎవరో ఏమిటో తెలియకుండానే ఒక ఆడమనిషిని చంపేశావు. అంత తేలిక నీకు.

అయినా ఉన్నంతవరకు చదివాను. సాయంత్రాలు బియ్యం ఏరుతూ మన కూతురు స్రవంతికి పైకి చదివి వినిపించేదాన్ని. నువ్వు మంచం మీద కళ్ళు మూసుకుని పడుకునేవాడివి. కాబూల్లో ఒక మంత్రసాని. బాంబులు పడుతున్నాయని, బయట మంచిది కాదని, మామ గేటుకి తాళం వేసి చెవి నడుముకి కట్టుకుంటాడు. మగతోడు లేకుండా ఆమె వీధి దాటకూడదు. ఎదురింట్లో ఒక పిల్ల నొప్పులు పడుతుంటుంది... కేకలు వినిపిస్తుంటాయి. మంత్రసాని బురఖా వేసుకుని గేటు దగ్గర నిలబడుతుంది. సరిగ్గా అక్కడ పేజీలు లేవు.

అందులో ఒక మాట నాకు అస్తమానం అడ్డుపడేది. "ఆమె జాలిలోంచి వీధిని చూసింది" అని రాశారు. ఎవరి మీద జాలి? వీధి మీదా? కష్టాల్లో ఉన్న మనిషికి ఎంత దయ అనుకుని నేనూ స్రవంతీ తెగ మెచ్చుకున్నాం. నువ్వు విన్నావు కదా, పొద్దస్తమానం జాలీలు బిగించేవాడివి... నీకైనా వెలగలేదా? వెలిగినా ఊరుకున్నావా?

మన మచ్చ బొల్లారం ఇంటికీ జాలీ తలుపు నువ్వే చేశావు. గొళ్ళెం బయట పెట్టావు. ఇదేంటయ్యా, ఎవరైనా గొళ్ళెం బయట పెడతారా అంటే నీ దగ్గర జవాబు సిద్ధం. "దొంగలు జాలీ కోసి, లోపలికి చెయ్యి వెట్టి గొళ్ళెం తీస్తరు. బయట ఉంటే తాళం ఏసుకొని పోవచ్చు. నీ మంచికే చెప్తున్న." మేడ్చల్‌లో కుట్టుపనికి వెళ్ళేదాన్ని, అదీ నా మంచికే మాన్పించావు. పొద్దున స్రవంతి కాలేజీకి, నువ్వు పనికి. నేను లోపల, తాళం బయట, చెవి నీ జేబులో. కూరగాయల బండి వస్తే ఏం కావాలో జాలీలోంచి చూపిస్తే బండివాడు తీసి పక్కన పెట్టేవాడు. సాయంత్రం నువ్వు తెచ్చేవాడివి, వాడిపోయినవి.

నా మంచిని నువ్వెంత భద్రంగా దాచావయ్యా!

నువ్వు పోయిన ఆ రోజు పొద్దున తాళం వేస్తూ నువ్వు అడిగిన మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "గా ముసలోడు గేటు తీసిండా, లేదా?" అంటే రోజూ వింటూనే ఉన్నావన్నమాట. నువ్వే కదా చింపింది అన్నాను. చెవి జేబులో వేసుకున్నావు. "గా విల్లా మేడమ్‌ని అడుగుత తియ్. ఆమె సదివే ఉంటది." అడిగావా? అడిగేంత టైమ్ దొరికిందా?

ఆ విల్లా రెండో అంతస్తు కిటికీకి జాలీ బిగిస్తూ పడిపోయావని వాచ్‌మన్ ఫోన్ చేశాడు. నేను తలుపు దగ్గరికి పరిగెత్తాను... అంతే. అంతవరకే పరిగెత్తగలిగాను. అరిస్తే పక్కింటివాళ్ళు పోగయ్యారు. ఎవరో కత్తి తెచ్చారు. నువ్వు గొప్పగా చెప్పుకునే స్టీలు జాలీ కదా, తెగలేదు. వాళ్ళ ముఖాలు అవతల, నేను ఇవతల. అందరూ సన్నసన్నటి గళ్ళు గళ్ళుగా కనిపించారు. ఏడుపు మధ్యలో ఆ వాక్యం అప్పుడు అర్థమైంది నాకు. అది దయ కాదు... ఆమె ముఖం ముందున్న బురఖా జాలీ.

పక్కింటి ఆటో అతను రాడ్డు తెచ్చి తాళం పగలగొట్టేసరికి ఎంతసేపైందో తెలియదు. ఆస్పత్రికి వెళ్ళేసరికి నువ్వు లేవు. విల్లా ఆవిడ చెప్పింది, చాలాసేపు స్పృహలోనే ఉన్నావట. జేబు తడుముకుంటూ తాళం, తాళం అన్నావట. బండి తాళం అనుకుని ఎవరో నీ బండి తీసి నీడలో పెట్టారట!

నువ్వు అన్నది మన ఇంటి తాళం కదూ? నన్ను పిలిపించమనా? లేక చెవి పోతుందేమోనని భయమా? ఇది తెలిస్తే నీ మీద కోపం ఎంత పెంచుకోవాలో, ఎంత తగ్గించుకోవాలో తేల్చుకునేదాన్ని. ఆ వీలు కూడా లేకుండా పోయావు. అందుకే తగ్గించుకోవడం లేదు.

ఇంకా విను. సంవత్సరీకం మర్నాడు మీ అన్న నాగారం నుంచి మళ్ళీ వచ్చాడు. మగదిక్కు లేని ఇల్లట, సామాను సర్దుకుని వాళ్ళ పైగదికి వచ్చేయాలట. స్రవంతికి నర్సింగ్‌లో సీటు వచ్చింది, విన్నావా? అది వద్దట. రాత్రి డ్యూటీలుంటాయి, ఎవరు తోడు వెళ్తారు అన్నాడు. మర్నాడే సర్టిఫికెట్లు ఇచ్చి చేరాలి, లేకపోతే సీటు పోతుంది. ఆ నవలలో సంగతి ఎత్తాను. ఆయనతో వచ్చిన మా తోడికోడలు బుగ్గలు నొక్కుకుని, మనం అక్కడ పుట్టలేదు నయం అంది.

నిజమే, నయమే. మన గల్లీలో బాంబులు పడలేదు. వాళ్ళ కష్టం పక్కన నా కష్టం పెడితే నాకే సిగ్గు. కానీ గొళ్ళెం ఏ వైపు ఉందో చూసుకోవడానికి నెత్తిన బాంబులు పడాలా?

మేము రాము అని చెప్పాను. ఏం చేశాడో తెలుసా మీ అన్న? పోయేటప్పుడు బయట గొళ్ళెం పెట్టి తాళం వేశాడు. రేపు సాయంత్రం వస్తాడట, అప్పటిదాకా నిమ్మళంగా ఆలోచించుకోవాలట. మా మంచికేనట. అచ్చం నీ గొంతే...

స్రవంతి ఏడుస్తూ కూర్చుంది. ఈసారి ఆటో అతన్ని పిలవలేదు. నీ పనిసంచి దింపాను. ఆ రోజు అది నీతో ఉంది, ఇప్పుడు ఇంట్లో ఉంది. నీ మాటే గుర్తొచ్చింది. "గొళ్ళెం ఒక్కటి సూస్కుంటె కాదు, కబ్జాలు సూస్కోవాలె. స్క్రూలు బయటికుంటె దొంగలు ఊడదీస్తరు." తలుపు బందుల్ని నువ్వు కబ్జాలనేవాడివి. వాటి స్క్రూలన్నీ లోపలికే పెట్టావు కదా, దొంగల తెలివి అంతా తెలిసినవాడివి. లోపలి మనిషి చేతికి స్క్రూడ్రైవర్ వస్తుందని అనుకోలేదా?

ఒక్కోటీ తిప్పాను. తుప్పు పట్టినదాన్ని తిట్టుకుంటూ తిప్పాను. తిట్లన్నీ నీకే. తాళం వేసింది వేసినట్టే ఉంది, తలుపు మాత్రం రెండో వైపు నుంచి తెరుచుకుంది. పొద్దున్నే ఇద్దరం వెళ్ళి సర్టిఫికెట్లు ఇచ్చి చేర్పించి వచ్చాం. సాయంత్రం మీ అన్న వచ్చి చేతిలో చెవి పట్టుకుని ఆ తాళాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఆ చెవి తీసుకుని తాళం తీశాను, తాళం ఆయన చేతిలో పెట్టి పంపించాను. స్రవంతి ఏ వేళకి ఎక్కడికి వెళ్ళాలన్నా తోడు నేను వెళ్తాను అని చెప్పాను.

జాలీ అలాగే ఉంచాను. దోమలు ఎక్కువ, పైగా నీ పనితనం మంచిదే, కాదనను. గొళ్ళెం ఊడదీసి లోపల బిగించాను. కొంచెం వంకరగా వచ్చింది. నువ్వుంటే వెక్కిరించేవాడివి.

నిన్న స్రవంతి మేడ్చల్ లైబ్రరీ నుంచి ఆ నవల తెచ్చింది, పేజీలన్నీ ఉన్న ప్రతి. గొళ్ళెం పెట్టుకుని కూర్చుని ఆఖరు చదివాను. మామ గేటు తీశాడా, మంత్రసాని వీధి దాటిందా, ఎదురింట్లో బిడ్డ ఏడుపు వినిపించిందా... అన్నీ ఇప్పుడు నాకు తెలుసు.

ఏటేటా నీ తద్దినం పెడతాను, మాట ఇస్తున్నాను. పిండం పెడతాను, బోటి కూర వండుతాను, ఉప్పు కూడా సరిగ్గా వేస్తాను. కానీ ఆఖరు మాత్రం చెప్పను. అడుగుతూ ఉండు... తలుపు అవతల నిలబడి.

లలిత