మేడమ్ చెల్లెలి కార్డు

అక్టోబర్ 28, మంగళవారం

మేడమ్ ఇవాళ కూడా సరిగ్గా తినలేదు. స్కూల్లో పాఠాలు చెప్పి వచ్చి, బూట్లయినా విప్పకుండా అమెరికాలో, తన సొంతూళ్ళో ఉన్న చెల్లెలు జెన్నీకి ఫోన్. నేను వంటింట్లో గిన్నెలు తోముతున్నాను. ఆ ఇంగ్లీషు నాకు సగమే అందుతుంది. అవతల జెన్నీ ఏడుస్తోందని మాత్రం తెలుస్తోంది.

అక్టోబర్ 30

అడిగేశాను. ఏడాదిన్నరగా ఈ ఇంట్లో ఉన్నాను. ఆమె సంగతి నా అంతట నేను అడగడం ఇదే మొదలు.

చెప్పింది. జెన్నీకి ఇద్దరు పిల్లలు, మొగుడు వదిలేశాడు. ఒక కొట్లో పూటపని. చాలదు. అందుకని గవర్నమెంటు నెలనెలా ఒక కార్డులో డబ్బు వేస్తుంది, దానితో తిండి సామాను కొనుక్కోవాలి. మన రేషన్ కార్డులాంటిదే. ఇప్పుడు ఆ గవర్నమెంటునే మూసేశారట.

"మూసేయడమేంటి మేడమ్? అదేమన్నా కొట్టా?"

"ఖర్చుల మీద వాళ్ళలో వాళ్ళకు కొట్లాట. ఒప్పందం కుదరలేదు. ఆఫీసులు బంద్."

"మళ్ళీ ఎప్పుడు తెరుస్తారు?"

"ఎవరికీ తెలియదు, ఓబ్లా."

ఓబులమ్మ అని ఆమెకు నోరు తిరగదు. ఈ ఒమాన్ దేశంలో నన్ను పేరు పెట్టి పిలిచేది ఆమె ఒక్కతే.

నవంబర్ 1

కార్డు ఖాళీ. పడదని తెలిసే వెళ్ళిందట జెన్నీ — ఒకవేళ పడి ఉంటే... అని. పాలు, గుడ్లు, బ్రెడ్డు కౌంటర్ మీద పెట్టింది. కార్డు గీకింది. మళ్ళీ గీకింది. వెనక వరుసలో జనం. అన్నీ అక్కడే వదిలేసి వచ్చేసిందట. చిన్నపిల్ల పాలడబ్బా వదలనని ఏడ్చిందట.

ఇది చెబుతూ మేడమ్ ఫ్రిజ్ తలుపు తెరిచింది. ఏం కావాలో మరిచిపోయినట్టు అలాగే నిలబడింది.

నవంబర్ 3

డ్యూటీ మధ్యలో మా చెల్లెలు నాగమణికి ఫోన్ చేశాను. జెన్నీ సంగతి చెబితే ఒకటే నవ్వు. "అమెరికావోళ్ళకు తిండి ల్యాకపోవడమేందక్కా? ఊరుకో. ఎవురన్నా ఇంటే నగుతారు."

దాని దగ్గరే పెరుగుతున్న నా పాపకు ఫోన్ ఇవ్వమన్నాను. ఆడుకోను పోయిందంది. పోయిన వారం చేసినప్పుడూ ఆడుకోనే పోయింది.

నవంబర్ 5

జెన్నీ ఊళ్ళో చర్చివాళ్ళు తిండి పెట్టెలు పంచుతున్నారట. పొద్దున్నే వెళ్ళి వరుసలో నిలబడింది. బీన్స్ డబ్బాలు, ఉర్లగడ్డలు, ఒక సంచి పిండి. ఎవరికీ చెప్పొద్దని మేడమ్ దగ్గర మాట తీసుకుందట. మేడమ్ నాకు చెప్పింది. నేను లెక్కలోకి రాననుకుందేమో.

నేను కూడా ఎవరికీ చెప్పనిది ఒకటుంది. పాపకు మూడేళ్ళప్పుడు, దాని నాయన పోయిన ఏడాది. అంగన్‌వాడీ టీచరమ్మలు సమ్మెకు కూర్చున్నారు. సెంటర్‌కు తాళం. గుడ్డు లేదు, పాలు లేవు, నెల దాటింది. తాళం తీసిన రోజు పాప చేతిలో ఉడికిన గుడ్డుతో ఇంటికొచ్చింది. సగం నేను తినేశాను. అడిగి కాదు. అది నీళ్ళు తాగడానికి పోయినప్పుడు. వచ్చి చూసి, మిగిలింది తినింది.



నవంబర్ 6

ఆమె గదిలో ఆమె. నా గదిలో నేను. రోజంతా ఏసీ చప్పుడే.

నవంబర్ 7, శుక్రవారం

సెలవు. ఎక్కడికీ వెళ్ళలేదు. మధ్యాహ్నం మేడమ్ తనతో పాటు టేబుల్ దగ్గర కూర్చోమంది. ఎప్పుడూ లేనిది. అంచు మీద కూర్చున్నాను. నేను పప్పన్నం కలుపుతుంటే చెప్పింది.

"డిసెంబర్లో వెళ్ళిపోతున్నాను. జెన్నీ ఒక్కతే నెట్టుకురాలేదు."

"మళ్ళీ ఎప్పుడొస్తారు?"

"రాను."

నా వీసా ఆమె పేరు మీద ఉంది. ఆమె లేకపోతే ఇక్కడ నేనూ లేను. వేరే ఇల్లు తనే చూస్తానంది, ఊరికే వదిలేయనంది. సరే మేడమ్ అన్నాను. కలిపిన ముద్ద పళ్ళెంలోనే ఉంది. ఆమె ముందు లేవడం బాగుండదని అలాగే కూర్చున్నాను.

నవంబర్ 10

లోపలెక్కడో ఇబ్రా అనే ఊళ్ళో ఒక ఇల్లుందట. మేడమ్‌తో పనిచేసే ఒమానీ టీచరమ్మ బంధువులు. పెద్ద ఇల్లు, ఐదుగురు పిల్లలు. వంట, పిల్లల పని నాది. మంచివాళ్ళట. వీసా మార్పించుకుంటారట. ఆదివారం లోపల మాట చెప్పాలి.

నవంబర్ 11

కూరగాయల సాకుతో సముద్రం ఒడ్డునున్న మత్రా సూక్ బజారు దాకా నడిచాను. ఇబ్రాలో సముద్రం ఉండదట. ఇక్కడున్న ఏడాదిన్నరలో నేను సముద్రం వైపు చూసిందే తక్కువ... ఇవాళ చాలాసేపు నిలబడ్డాను. కూరగాయలు తేవడం మరిచిపోయాను.

నవంబర్ 13, గురువారం

తెరిచేశారు! పొద్దున కాఫీ ఇస్తుంటే మేడమే చెప్పింది. రాత్రి సంతకమైందట. కార్డులో డబ్బు పడుతుందట. నా ప్రాణం లేచొచ్చింది. కప్పు కింద పెట్టి అడిగేశాను.

"అయితే మీరు పోరు కదా మేడమ్?"

ఆమె కప్పు తన వైపు లాక్కుంది.

"మళ్ళీ మూయరని ఏముంది, ఓబ్లా?"

స్కూలుకు వెళ్ళిపోయింది. ఇల్లంతా తుడిచాను. తుడిచిన గదే రెండోసారి తుడిచాను. మధ్యాహ్నం నాగమణికి ఫోన్ చేస్తే ఈసారి పాప దొరికింది. బడికి పోలేదట, జలుబట. ఇబ్రా సంగతి చెప్పాను. ఇంటికి వచ్చేయమ్మా అంటుందేమోనని చూశాను. అనలేదు.

"ఆ ఇంట్లో పిల్లోల్లు ఉండారామ్మా?"

"ఉండారు. ఐదు మంది."

"వాళ్ళకు అన్నం నువ్వే తినిపిస్తావా?"

వాళ్ళమ్మ తినిపిస్తుందిలే అన్నాను. అవతల పాప ముక్కు ఎగబీల్చింది. మళ్ళీ ఎగబీల్చింది. జలుబు బాగా ఉన్నట్టుంది.