మామయ్యకు సరిపడే కార్డు

మరిపెడ,
జూన్ 3

చిరంజీవి సాయితేజను దీవించి మేనమామ దయాకర్ రాసేది.

చేతిలో ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని విసుక్కోకు. ఫోన్ చేస్తే "మామా, మీటింగ్‌ల ఉన్న" అంటావు. ఉత్తరమైతే నీ మీటింగ్ అయ్యేదాకా బల్ల మీద ఓపిగ్గా పడి ఉంటుంది.

సంగతేమిటంటే నాకొక క్రెడిట్ కార్డు కావాలి. ముప్పై ఏళ్లుగా బట్టల కొట్టు నడుపుతున్నాను, ఎప్పుడూ దాని అవసరం పడలేదు. ఇప్పుడు పడింది. భూపాలపల్లిలో నువ్వు ఆ కార్డులే అమ్మే పనిలో ఉన్నావు కదా, మీ బ్యాంకుదే ఒకటి పంపు. ఏ రంగుదైనా ఫర్వాలేదు.

ఆశీస్సులతో,
దయాకర్

తా.క.: రంగు ఫర్వాలేదన్నాను కానీ, మీ అత్తయ్య ఎర్రది వద్దంటున్నది. మొన్న తెచ్చిన ఎర్ర చీరలు ఒక్కటీ కదల్లేదు.

*

భూపాలపల్లి,
జూన్ 8

మామయ్యకు, అత్తయ్యకు నమస్కరించి సాయితేజ రాసేది.

మీ ఉత్తరం ముందు మా మేనేజర్ చేతిలో పడింది. "గీ కాలంల ఉత్తరమేంది, ఎవరన్న పోయిన్రా?" అని అడిగాడు.

మామయ్యా, కార్డును రంగు చూసి తీసుకోరు. మనం దేనికి ఖర్చు పెడతామో చూసి తీసుకోవాలి. మా కార్డుకు ఏడాదికి మూడు వేల ఫీజు. దానికి బదులు ఇచ్చేది విమానాశ్రయంలో ఉచిత భోజనం, గోల్ఫ్ మైదానంలో నాలుగుసార్లు ఆట. మీరు సరుకు కోసం సూరత్ వెళ్లేది కూడా రైల్లోనే. మీకిది దండగ.

దాచడం ఎందుకు, నెలాఖరుకు పది కార్డులు అమ్మితే జనగామకు బదిలీ చేయిస్తానన్నాడు మేనేజర్. నాలుగే అయ్యాయి. సుజాత అక్కడ దవాఖానలో నర్సు, పాప తన దగ్గరే. ఆదివారం మూడు బస్సులు మారి వెళితే, ఐదు నెలల పిల్ల నన్ను చూసి ఎవరో అనుకొని ఏడుస్తుంది. అయినా సొంత మామకు పనికిరాని సరుకు అంటగట్టలేను. అలసిపోయాను గానీ, అంతగా కాదు.

మీ అల్లుడు,
సాయితేజ

తా.క.: మీ ఖర్చులేమిటో రాసి పంపండి. నిజమైనవి.

*

మరిపెడ,
జూన్ 12

చిరంజీవి సాయితేజకు దీవెనలు.

నా ఖర్చులు రాస్తున్నాను. నేను ఇకనుంచి విమానం ఎక్కదలచుకున్నాను. నెలకు రెండుసార్లు. ఎక్కడికని అడగొద్దు, ఇంకా అనుకోలేదు. అక్కడి భోజనం బాగుంటుందని విన్నాను. గోల్ఫ్ అంటే చిన్నప్పటినుంచీ నాకు ప్రాణం. మీ తాత ఆడనివ్వలేదు.

ఫీజు మూడు వేలంటే నాకు తక్కువే అనిపించింది. మీ కార్డు నాకు అతికినట్టు సరిపోతుంది. ఇక ఆలస్యం చేయకుండా పంపు.

దయాకర్

తా.క.: గోల్ఫ్ కర్ర కార్డుతో పాటే ఇస్తారా, విడిగా కొనుక్కోవాలా?

*

భూపాలపల్లి,
జూన్ 16

మామయ్యకు నమస్కారం.

మీకు ఒంట్లో బాగుందా? భయమేసి అత్తయ్యకు ఫోన్ చేస్తే, "మంచిగనే ఉన్నడు బిడ్డా, పొద్దుగాల రెండు ఇడ్లీలు ఎక్కువనే తిన్నడు" అంది. కాబట్టి మీకు ఎవరో గాలి మాటలు ఎక్కించారని అర్థమైంది.

ఓపిక తెచ్చుకొని చెబుతున్నాను, వినండి. మహబూబాబాద్‌లో పసుపు రంగు బోర్డున్న బ్యాంకు ఒకటుంది. వాళ్ల కార్డుకు ఫీజు లేదు. సరుకు కొంటే నూటికి రూపాయి వెనక్కి వస్తుంది. బిల్లు మాత్రం గడువులోపు మొత్తం కట్టేయాలి. కొంచెం కట్టి ఊరుకుంటే వడ్డీ నడ్డి విరుస్తుంది. మీలాంటి వ్యాపారికి అదే మంచిది. మాది వద్దు.

ఈ బ్యాంకు జీతం తింటూ ఈ మాట రాస్తున్నాను. ఇక నన్ను అడగకండి.

సాయితేజ

తా.క.: చదివాక ఈ ఉత్తరం చించేయండి.

*

మరిపెడ,
జూన్ 25

సాయితేజా, దీవెనలు సరే, ముందు నన్ను క్షమించు.

ఉత్తరం చించలేదు. కొట్లో పదిమందిని కూర్చోబెట్టి గట్టిగా చదివాను. ఇంత నిజాయితీ గల పిల్లవాడని జాలిపడి, ఆరుగురైనా మీ కార్డు తీసుకుంటారని నా ఆశ. స్టీలు సామాన్ల వజ్రమ్మ ఏమన్నదో తెలుసా? "తన సరుకు తనే వద్దంటున్నడంటే, గీ పిల్లగాని మాట మీద కండ్లు మూసుకొని సంతకం పెట్టొచ్చు" అంది. ఆ మాట బజారంతా పాకి, మర్నాడే రెండు వ్యాన్లు మాట్లాడుకొని ఇరవై ఆరుగురు మహబూబాబాద్ పోయారు, ఆ పసుపు బోర్డు బ్యాంకుకే.

మన బజారు పద్ధతి నీకు తెలిసిందే. కొత్త చోట బేరం మొదలుపెడితే, ఎవరి మాట మీద వచ్చామో ముందు వాళ్ల పేరు చెబుతాం. ఫారంలో అలాంటి గడి లేదని అక్కడి అమ్మాయి మొత్తుకున్నా ఒక్కరూ వినలేదు. పక్కనున్న ఖాళీలో "భూపాలపల్లి సాయితేజ మాట మీద" అని అందరూ రాసి వచ్చారు.

నా చేతులారా నీ బదిలీ చెడగొట్టాను. రెండు రోజులుగా అన్నం సహించడం లేదు.

దయాకర్

తా.క.: ఎరువుల దుకాణం భద్రు నీ పేరు గుర్తురాక "దయాకర్ అల్లుడు" అని రాశాడట. మళ్లీ పంపించి సరిచేయించాను.

*

భూపాలపల్లి,
జూలై 4

మామయ్యకు నమస్కారం.

నెల ముగిసింది, నావి నాలుగే కార్డులు. మరిపెడ సంగతి మా మేనేజర్ చెవిన కూడా పడింది. "మన జీతం తినుకుంట వాళ్లకు కార్డులు అమ్ముతున్నవా?" అన్నాడు. బదిలీ కాగితం నా కళ్ల ముందే సొరుగులో పెట్టేశాడు.

నిన్న ఒక ఫోన్ వచ్చింది. పసుపు బోర్డు బ్యాంకు జనగామ మేనేజరట, ప్రసూన మేడమ్. "మహబూబాబాద్ నుంచి మాకు వచ్చిన ఇరవై ఆరు ఫారాల మీద మీ పేరున్నది. ఇంతకు మీరెవరండి? మా దగ్గర పనిచేస్తరా? సీటు జనగామలనే" అంది. పదిహేనో తేదీన చేరుతున్నాను. సుజాతకు చెబితే ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఒక్కటే అర్థం కాలేదు. ఆ ఇరవై ఆరుగురిలో మీ పేరు లేదట. కార్డు కావాలన్నది మీరే కదా?

సాయితేజ

తా.క.: రాజీనామా ఇస్తే మా మేనేజర్ తీసుకుని, పోయేలోపు ఇంకో రెండు కార్డులు అమ్మమన్నాడు.

*

మరిపెడ,
జూలై 9

చిరంజీవి సాయితేజకు, సుజాతకు, పాపకు దీవెనలు.

నాకు కార్డెందుకురా? నేను ఏనాడైనా అరువు బేరం చేశానా? నీకు మొదటి ఉత్తరం రాసిన రోజు పొద్దున మీ అమ్మ మా ఇంటికి వచ్చింది. "పది కార్డులు అమ్మితెనే పిల్లగాడు ఇంటికస్తడట తమ్మీ. నువ్వొక్కటి తీస్కో. నేను చెప్పిన్నని వానికి తెల్వనియ్యకు, సిగ్గుపడ్తడు" అంది.

అందుకని విమానం ఎక్కుతానన్నాను, గోల్ఫ్ ఆడతానన్నాను. నా వ్యాపారంలో ఇంత కష్టపడి ఏ సరుకూ కొనలేదు. డబ్బు చేత్తో పట్టుకొని నిలబడ్డవాడికి అమ్మనని మొండికేసింది కూడా నువ్వొక్కడివే. మొదట కోపం వచ్చింది. ఇప్పుడు గర్వంగా ఉంది.

పాపను ఎత్తుకో. నాలుగు రోజులు ఏడుస్తుంది, ఆ తర్వాత చంక దిగదు.

మీ మామ,
దయాకర్

తా.క.: మీ అమ్మ మాట నేను బయటపెట్టానని ఆమెకు తెలియనివ్వకు. అరవై దగ్గరపడ్డా అక్క అంటే నాకు భయమే.